అడగకుండా తెచ్చుకున్న చప్పుడు

లష్కర్ బోల్ – పదకొండో భాగం

పోయినవారం మార్తను ఎక్కడ వదిలేసి వచ్చామో గుర్తుందిగా? చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు చల్లారిపోయిన అన్నం కంచం, కళ్లలో నీళ్లు. పాపం, వారం రోజులుగా అలాగే కూర్చుని ఉంది. కొత్తగా వచ్చి చేరినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి ఆమెను లేపుదాం.

సికింద్రాబాద్‌ను పాతవాళ్లు లష్కర్ అంటారు. ఆ లష్కర్ గల్లీల్లో ఎవరికి వాళ్లు ర్యాప్ పాడుకుంటున్న ఏడుగురిని పోగుచేసి, ఏడు పాటలతో ఒక సీడీ తేవాలన్నది మార్త పట్టుదల. వెనక కంపెనీ లేదు, సినిమావాళ్ల సిఫార్సు లేదు. మార్త పగలు బడిలో లెక్కలు చెబుతుంది, ఆదివారం చర్చిలో క్వయర్ నడుపుతుంది, మిగిలిన పొద్దంతా రెజిమెంటల్ బజార్‌లో సుభాన్ పరుపుల గోడౌన్‌లో మైకు ముందు కూర్చుంటుంది. గోడల వెంట పరుపులు నిలబెట్టి ఉంటాయి కాబట్టి బయటి హారన్లు లోపలికి రావు, లోపలి కేకలు బయటికి పోవు. లక్షలు పోసి కట్టిన స్టూడియోలకు కూడా అంతకంటే ఏం కావాలి?

సీడీ కవర్లు ఐదువందలూ అచ్చయి వచ్చేశాయి. వాటి వెనక మార్త పట్టుబట్టి వేయించిన మాట ఒకటుంది: "ఇందులో ప్రతి చప్పుడూ లష్కర్‌లో పుట్టిందే." బుధవారం పొద్దునకు పాటలన్నీ ఎక్కించిన మాస్టర్ కాపీ సీడీలు వేసేవాళ్ల చేతికందితేనే శనివారం విడుదల. అలాంటి సమయంలో పాటల వరస సరిచూస్తుంటే మూడో పాటలో ఒక చిన్న 'టిక్' వినబడింది. ఎవరో నాలుకతో అంగిలి మీద కొట్టినట్టు, పదహారు వరసలకోసారి. ఐదో పాటలోనూ అదే టిక్. ఆరో పాటలోనూ అదే. మూడింటి వేగమూ సమం చేసి ఒకేసారి మోగిస్తే ఒక్క పాటలాగే అతుక్కుపోయాయి. ముగ్గురు మనుషులు, మూడు పేటలు, కింద మోగే బీటు మాత్రం ఒకటే. అదీ పోయినవారం సంగతి.

ఆదివారం ఆరాధన ముగియగానే మార్త చీర కూడా మార్చుకోకుండా గోడౌన్‌కు వచ్చింది. ముగ్గురికీ ఫోన్ చేసి రమ్మంది. ఎందుకో చెప్పలేదు.

ముందు గదిలో దూది ఏకే కరెంటు మిషను గడగడమంటోంది. అల్వాల్‌లో ఒక పెళ్లివారికి సాయంత్రానికల్లా పరుపు అందించాలని సుభాన్ మాట ఇచ్చాడు. అతని తల్లి అక్బర్ బీ గోడకు చేరగిలబడి పరుపు గుడ్డ కుడుతోంది. అరవై ఆరేళ్ల మనిషి. నోట్లో వక్క, చేతిలో సూది, చెవి మాత్రం ఎప్పుడూ లోపలి గది వైపే.

మొదట వచ్చినవాడు జంగయ్య. బోయిన్‌పల్లి మార్కెట్లో మూటలు మోస్తాడు. మెడ కాయ కాచి ఉంటుంది, గొంతు ఇంకా గట్టిది. తర్వాత తుకారాం, ఇదే బజారులో టైలరు, చెవి మీద చాక్‌పీసు తీయడం మరిచిపోయి వచ్చాడు. చివర వచ్చినవాడు రిచర్డ్. అల్వాల్ నుంచి బైకు మీద వచ్చి, దిగుతూనే అద్దంలో జుట్టు సవరించుకున్నాడు. మార్తకు స్వయానా పిన్ని కొడుకు.

మార్త మీట నొక్కింది. మూడు పాటలూ ఒకేసారి మోగాయి. మూడు గొంతులు కలగాపులగం, కింద ఒకే దరువు, పదహారు వరసలకు ఒకసారి టిక్.

"అరే, గిది నా బీటు!" అన్నాడు జంగయ్య.

"నీదేందిరా? నాది! పోయిన నెల చాయ్ తాగుకుంట ఈనికి ఫోన్ల వినిపిచ్చిన అక్కా. గప్పుడే ఎత్కపోయిండు!" తుకారాం చెవి మీది చాక్‌పీసు తీసి నేలకేసి కొట్టాడు.

"ఎక్స్‌క్యూజ్ మీ," అన్నాడు రిచర్డ్. "మూడు వారాలు కూర్చుని కంపోజ్ చేశాను నేను. వీళ్లిద్దరికీ ఎలా వెళ్లిందో నాకు తెలియాలి."

ముగ్గురూ ముగ్గురి కాలర్లూ పట్టుకునేదాకా వచ్చారు. మార్త బల్ల మీద ఒక్క దెబ్బ వేసింది. అది బడిలో అలవాటైన దెబ్బ, ఎనిమిదో తరగతి సైతం నోరు మూసుకునే దెబ్బ.

"బీటు చేసినవాని దగ్గర ఫైలు ఉంటది. డ్రమ్ము వేరే, బేసు వేరే, తీగలు వేరే. ఎవరు తెచ్చి చూపిస్తరు?"

తుకారాం వంగి చాక్‌పీసు ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

"ముగ్గురు పిల్లల పేపర్లల్ల ఒకే తప్పు ఉంటే టీచరుకు ఏం సమజైతదో మీకు తెల్వదా?"

జంగయ్య ముందుగా తలదించాడు. అబద్ధం ఆడటానికైనా వాడికి అంత అలవాటు లేదు. "నెట్‌ల కొట్టిన అక్కా. ఫస్టు వచ్చింది గదే. ఫ్రీ అని రాసి ఉండె. స్పీడు జెర పెంచిన."

"నేను సుత," అన్నాడు తుకారాం. "మీదికెల్లి మా మిషను చప్పుడు కలిపిన."

రిచర్డ్ కిటికీలోంచి చూస్తూ, "నేను పిచ్ తగ్గించాను," అన్నాడు.

లోకంలో లక్షల బీట్లు గుట్టలు పోసి ఉంటే, మన లష్కర్ పులులు ముగ్గురూ మొట్టమొదట కనబడినదాన్నే నోట కరుచుకొచ్చారు. దొంగతనానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా!

మార్తకు నవ్వు రాలేదు. ఈ ముగ్గురి చేతా ఆ కవరు మాట చదివించి, సరేనంటేనే చేర్చుకుంది. మిగిలిన నలుగురూ ఆమె మాట మీదే పాటలిచ్చారు. మూడు పాటలు తీసేస్తే నాలుగు మిగులుతాయి, నాలుగు పాటలతో సీడీ కాదు. ఉంచితే కవరు మీద ఉన్నది అబద్ధం. ఐదువందల అబద్ధాలు. ఆమె పట్టుబట్టి అచ్చు వేయించినవి.

"అక్కా, సింపుల్," అన్నాడు రిచర్డ్ మెల్లగా. "ఆ లైన్ మీద నల్ల స్టిక్కర్ వేసేద్దాం. ఎవరు పట్టించుకుంటారు? ఆ టిక్ నీకు వినబడింది కాబట్టి గానీ, ఇంకెవరికి వినబడుతుంది?"

నిజం చెప్పుకోవాలంటే మార్త మనసు ఆ స్టిక్కర్ వైపు ఒక్క క్షణం మొగ్గింది. ఏడాదిన్నర కష్టం. ఎవరికీ తెలియదు. బుధవారం ఇంకా మూడు రోజులే. ఆమె నోరు తెరిచింది కూడా. ఏమనబోయిందో ఆమెకే తెలియదు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఆ వేసవిలో కరెంటు పోవడం వింత కాదు, ఉండటమే వింత. ఫ్యాను ఆగింది. ముందు గదిలో మిషను గొంతు నొక్కినట్టు మూలిగి ఆగిపోయింది. సుభాన్ తల పట్టుకున్నాడు.

"అయిపాయె. రెండు గంటలు రాదు. పెళ్లోళ్లకు ఏం చెప్పాలె నేను?"

"మిషను లేనప్పుడు మీ నాయిన పెండ్లి పరుపులు కుట్టలేదా?" అంది అక్బర్ బీ. సూది పక్కన పెట్టి లేచింది. గోడ మీద మనిషంత పొడవున్న దూదేకే విల్లు ఒకటి వేలాడుతోంది. ఇన్నాళ్లూ దాన్ని చూసిన ప్రతివాడూ పాత సామాను అనుకున్నాడు. "తియ్యిరా."

"నీకు చాతనైతదా అమ్మా?"

"తియ్యమంటే తియ్యి."

సుభాన్ విల్లు దింపి, పైదూలానికి తాడుతో వేలాడదీశాడు. అక్బర్ బీ కొంగు బిగించి దూది కుప్ప ముందు కూర్చుంది. ఎడమ చేత్తో విల్లు పట్టి నారిని దూదిలోకి వంచింది. కుడి చేత నారిని కొట్టే కొయ్య గుండు తీసుకుంది. లోపలి గదిలో ముగ్గురూ మళ్లీ అరుచుకోవడం మొదలుపెట్టారు, నీ వల్లంటే నీ వల్లని.

మొదటి దెబ్బ పడింది.

అది చెవికి తగిలిన చప్పుడు కాదు. కింద నేలలోంచి వచ్చి కాళ్లలోకి ఎక్కింది. ఒక బరువైన దెబ్బ, దాని వెనక రెండు తేలిక దెబ్బలు, ఆ తర్వాత ఒక ఖాళీ. ఆ ఖాళీలో దూది ఎగిరింది. మళ్లీ బరువు, మళ్లీ రెండు తేలిక, మళ్లీ ఖాళీ. నారి రొద దెబ్బకూ దెబ్బకూ మధ్య తెగకుండా సాగుతోంది. గోడల వెంట నిలబెట్టిన పరుపులు ఆ మోతను బయటికి పోనివ్వకుండా గదిలోనే పట్టి ఉంచాయి.

జంగయ్య మాట సగంలో ఆగింది. తుకారాం వెనక్కి తిరిగాడు.

మార్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె కళ్ల ముందు రోజూ వక్క నమిలే ముసలమ్మ లేదు. వీపు నిటారుగా ఉంది. మోచేయి కదలడం లేదు, మణికట్టు మాత్రమే ఆడుతోంది. దూది గడ్డలు విడిపోయి, తెల్లటి పొగలా లేచి, ఆమె జుట్టు మీదా రెప్పల మీదా వాలుతోంది. చిన్నప్పుడు నాన్న వేలు పట్టుకుని వెళ్లి చర్చిలో మొదటిసారి ఆర్గన్ విన్నప్పుడు మార్తకు భయమేసి ఏడ్చింది. ఇప్పుడూ అదే భయం, అదే ఏడుపు. ఇంత గొప్పది పక్క గదిలో గోడకు వేలాడుతుంటే, తను ఏడాదిన్నర ఆ గోడ అవతలే కూర్చుని చప్పుళ్ల కోసం వెతికింది.

లెక్కల టీచరు కదా, చేతి గడియారం చూసింది. పదిహేను సెకన్లకు ఇరవైమూడు దెబ్బలు. సంచిలోంచి బ్యాటరీతో నడిచే చిన్న రికార్డరు తీసి, మీట నొక్కి, పరుపు మీద పెట్టింది.

ఎప్పుడు మొదలుపెట్టాడో వాడికే తెలియదు, జంగయ్య పెదాలు కదులుతున్నాయి. ముందు గుసగుసగా, తర్వాత గొంతెత్తి.

"నాలుగ్గొట్టంగ లేస్తది మా బోయిన్‌పల్లి,
నా వీపు మీద ఎక్కుతది ఊరు మొత్తం మళ్లి.
టమాట బుట్ట బరువెంతో నా మెడకెరుక,
తినేటోని నాల్కకు నా పేరేడ ఎరుక?"

ఇదే పాట డౌన్‌లోడ్ బీటు మీద పాడినప్పుడు వాడు పరిగెత్తేవాడు. ఇప్పుడు నడుస్తున్నాడు, మూట మోసేవాడు నడిచినట్టు. బరువు దెబ్బ దగ్గర అడుగు, ఖాళీ దగ్గర ఊపిరి. అక్బర్ బీ తల తిప్పలేదు. దెబ్బ మార్చలేదు. తుకారాం ఆ ఖాళీలోకి దూకాడు.

"ఊరోళ్ల కొలతలన్ని నోటుబుక్కుల రాస్కున్న,
నా కొలత తీసెటోని కోసం నిలవడి చూస్తున్న.
నే కుట్టిన షేర్వానీ దినాం పెండ్లికి పోతది,
నా అంగీకి సుత గుండీ కుట్ట టైమే లేకపోతది!"

సుభాన్ దూది అందించడం మరిచి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. రిచర్డ్ కూడా తన వరస ఎత్తుకున్నాడు. నేను కింగు, నేను టాపు అనే పాట అది. రెండు వరసలు పాడి ఆగిపోయాడు. ఆ మాటలు ఆ దెబ్బ మీద నిలబడలేదు. ఇంకెవరైనా అయితే గొంతు పెంచి నెట్టుకుపోయేవారు. రిచర్డ్ నోరు మూసుకుని నేల మీద కూర్చుని చేతులు కట్టుకుని విన్నాడు. ఆ పూట వాడు చేసిన మంచిపని అదే.

మార్త మళ్లీ గడియారం చూసింది. పదకొండు నిమిషాలు గడిచాయి. పదిహేను సెకన్లకు ఇరవైమూడు దెబ్బలు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

దూది అయిపోయింది. విల్లు ఆగింది. జంగయ్య కళ్లు తుడుచుకుని, దూది పడిందన్నాడు.

"అక్కా," అన్నాడు తుకారాం. "మన బీటు గిదే. మూడు పాటలు మళ్ల పాడతం. పొద్దుమూకేలోపల పాడతం. కవరు మీద మాట సుత నిజమైతది!"

మార్త అక్బర్ బీ కాళ్ల దగ్గర కూర్చుంది. రికార్డరుకు హెడ్‌ఫోన్లు తగిలించి ఆమె చెవులకు పెట్టింది. "అమ్మా, ఒక్కసారి విను. గిది నువ్వే."

అక్బర్ బీ విన్నది. మొదట కళ్లు పెద్దవయ్యాయి. తన చేతి చప్పుడు తన బయట నుంచి రావడం ఆమె ఎన్నడూ వినలేదు. పెదాల మీద నవ్వు వచ్చింది. తల ఊపింది. ఉన్నట్టుండి ఊపడం ఆగిపోయింది. నవ్వు మెల్లగా వెళ్లిపోయింది. హెడ్‌ఫోన్లు తీసి మార్త ఒళ్లో పెట్టింది.

"గిది నేను ఇయ్యలేను బిడ్డా."

"ఎందుకమ్మా? నీ పేరు వేస్తం. అందరి పేర్ల కన్నా ముందు వేస్తం."

"నా పేరెట్ల ఏస్తవు? గిది నాది కాదు."

సుభాన్ తల్లి వైపు చూశాడు. అక్బర్ బీ జుట్టులో చిక్కిన దూది పీకసాగింది. పిల్లల ముందు చెప్పాలా వద్దా అని తేల్చుకుంటున్నట్టుంది. చివరికి చెప్పింది.

"మా దూదేకులోళ్ల గల్లీల ఒక్కొక్క ఇంటిదొక్కొక్క దెబ్బ ఉంటుండె. కండ్లు మూసుకోని చెప్తుంటిమి, గిది ఫలానోళ్ల ఇల్లని. ఒకరి దెబ్బ ఒకరు కొట్టరు. ఎవరు రాసి పెట్టలే, గని కొట్టరు. గీ దెబ్బ మా యారాలిది. ఇమాం బీది."

"పెద్దమ్మదా?" అన్నాడు సుభాన్. బోయిన్‌పల్లిలో తనకొక పెద్దమ్మ, అంటే అమ్మకు తోడికోడలు, ఉందనీ, తమకూ ఆమెకూ రాకపోకలు లేవనీ వాడికి తెలుసు. ఎందుకన్నది ఎవరూ చెప్పలేదు. అడిగితే దెబ్బలు పడేవి.

"ఆమెదే. మొగోళ్లు సుత నిలవడి వింటుండిరి. ఆమె ఏకిన దూది గాలికి నిలవకపోయేది, గంత తేలిక. నాకు కండ్లు మండె. నడుమ గోడకు చెవి పెట్టి నెల దినాలు విన్న. ఒకరోజు ఆమె పుట్టింటికి పోయింది. నేను వాకిట్ల విల్లు కట్టి గదే దెబ్బ కొట్టిన. ఆమె కోసం వచ్చినోళ్లు చప్పుడు విని నా తాన ఆగిన్రు. ఆమె తిరిగొచ్చేసరికి నేను కొడుతనే ఉన్న. గల్లీ మూల మీద నిలవడి విన్నది. ఒక్క మాట అనలే. అంటే బాగుండు. నెల తిరగంగనే ఇల్లు ఖాళీ చేసి బోయిన్‌పల్లి పోయింది."

"ఎన్నేండ్లయింది?" అంది మార్త.

"నలభై. మా ఆయన పోయిన్నాడు వచ్చింది. వాకిట్లనే నిలవడి పోయింది, లోపలికి రాలే." అక్బర్ బీ ముగ్గురు కుర్రాళ్ల వైపూ చూసింది. ఆ చూపులో కోపం లేదు. "అడగకుండ తెచ్చుకున్నరని గిప్పుడే గద మిమ్మల్ని మీ అక్క తిట్టింది? నేను విన్న. సిగ్గయింది. ఎందుకంటే నేను సుత అడగకుండనే తెచ్చుకున్న."

గదిలో దూది ఇంకా గాలిలోంచి దిగుతోంది. జంగయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, బడిలో తప్పు చేసినవాడిలా. అక్బర్ బీని బతిమాలి ఒప్పించడం మార్తకు పెద్ద పని కాదు. కానీ స్టిక్కరు వేయడానికీ దానికీ తేడా ఏముంది?

ముందుగా తేరుకున్నది రిచర్డ్. "మరి వెళ్లి అడుగుదామా అమ్మా? ఇప్పుడు?"

అక్బర్ బీ వాడి వైపు ఎగాదిగా చూసింది. అడగడం అనేది అంత చిన్న పని అని నలభై ఏళ్లలో ఆమెకు ఎవరూ చెప్పలేదు కాబోలు.

"పెండ్లోళ్ల పరుపు అల్వాల్ పోవాలె గద," అంది. "నడుమల బోయిన్‌పల్లే. కుట్టు సుభాన్, జల్ది కుట్టు."

నలుగురూ నాలుగు మూలలు పట్టి, తుకారాం సూది పట్టి, గంటన్నరలో పరుపు ముగించారు. ఇంకా కరెంటు రాలేదు. ఎండ కాస్త వాలేసరికి సుభాన్ ట్రాలీ ఆటో కదిలింది. వెనక పరుపు, పరుపు మీద మహారాణిలా అక్బర్ బీ, అంచుల్లో వేలాడుతూ ముగ్గురు ర్యాపర్లు. మార్త ఆమె పక్కన కూర్చుంది. రోడ్డు మీదివాళ్లంతా ఏదో ఊరేగింపనుకుని చూశారు. అక్బర్ బీ ఎవరినీ చూడలేదు. ఆమె చెయ్యి మార్త చేతిని గట్టిగా పట్టుకుని ఉంది.

"కాదంటే?" అని అడిగింది మార్త.

"కాదంటే కాదే బిడ్డా. ఆమెది ఆమె ఇష్టం."

అంతే. మూడు పాటలూ, శనివారమూ, ఏడాదిన్నరా ఇప్పుడు తనెప్పుడూ చూడని ఒక ముసలామె నోటి మాట మీద ఉన్నాయి. వింత ఏమిటంటే మార్తకు భయం వేయలేదు. ఆ టిక్ విన్నప్పటి నుంచి మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది.

మార్కెట్ వెనక సందులో ఆటో పోదు. దిగి నడిచారు. చివరి ఇల్లు, పెంకుల కప్పు, మూసిన తలుపు. గడప ముందు అక్బర్ బీ ఆగిపోయింది. సుభాన్ తలుపు తట్టబోతే చేయి పట్టి ఆపింది. తనే తట్టింది.

"ఎవరు?" లోపలి నుంచి గొంతు. గరుకుగా ఉంది, గట్టిగా ఉంది.

"నేనక్కా. అక్బర్‌ని."

లోపల ఏదో కింద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. సందులో ఎవరో బకెట్ ఈడ్చుకుపోయారు. అక్బర్ బీ కొంగు తల మీదికి లాక్కుని, మూసిన తలుపుతోనే మాట్లాడింది, అందరికీ వినబడేలా.

"అక్కా, నీ దెబ్బ నేను ఎత్కపోయిన. గోడకు చెవి పెట్టి నేర్సిన, అడగలే. గిన్నేండ్లు దాంతోనే బతికిన. గీ పిల్లలు దాన్ని పాటల పెట్టుకుంటమంటున్నరు. ఇయ్యనీకి నాకు హక్కు లేదు. నిన్ను అడగనీకి వచ్చిన."

కొడుకు ముందు, పరాయి పిల్లల ముందు, వీధిలో నిలబడి అంది ఆ మాట. సుభాన్ తలదించుకున్నాడు, సిగ్గుతో కాదు, మొక్కినట్టు. మార్త జీవితంలో ఎన్నో ప్రసంగాలు విన్నది, ఒప్పుకోలు అంటే ఏమిటో మాత్రం ఇప్పుడే చూసింది.

తలుపు తెరుచుకోలేదు. తుకారాం వెనక్కి వెళ్లిపోదామన్నట్టు మార్త వైపు చూశాడు.

అప్పుడు విల్లు మోగింది.

మార్త కళ్లు మూసుకుని ఆ బరువు దెబ్బ కోసం, ఆ రెండు తేలిక దెబ్బల కోసం ఎదురుచూసింది. అవి రాలేదు. వచ్చింది వేరే. మొదట మూడు, వెనకనే ఒకటి, ఖాళీ ఉండాల్సిన చోట దెబ్బ, దెబ్బ పడాల్సిన చోట ఖాళీ. ఇక పడదు అనుకుని చెవి వదిలేసిన చోట పడి ఒళ్లంతా లాగేస్తోంది. లెక్కపెట్టాలని గడియారం వైపు చూసిన మార్తకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తుకారాం తాళం వేద్దామని ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. రిచర్డ్ గోడకు ఆనుకుని, "ఓ దేవా," అన్నాడు, ఆ మాటను వాడు మొదటిసారి అర్థం తెలిసి అన్నాడు. ఇందాక గోడౌన్‌లో విన్నది గొప్పదే. కానీ అది ఈ మనిషి నలభై ఏళ్ల కిందట వదిలేసి వచ్చింది.

అక్బర్ బీ రెండు అరచేతులూ తలుపుకు ఆనించింది. చెంప కూడా ఆనించింది, ఆనాడు నడుమ గోడకు ఆనించినట్టే కాబోలు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

"గిది... గిదెప్పుడు షురూ చేసినవే అక్కా?"

విల్లు ఆగలేదు. దాని మీది నుంచే వచ్చింది జవాబు.

"నా దెబ్బ నువ్వు ఎత్కపోయినంక నాకింకోటి కావాలె గదనే!"

మార్త చెయ్యి దానంతట అదే సంచిలోని రికార్డరు మీదికి పోయింది. మీట మీద బొటనవేలు ఆనింది. వెంటనే, కాలినట్టు, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇదీ అడగకుండా తెచ్చుకోవడమే కదా.

లోపలి గడియ ఇంకా తీయలేదు.